అమ్మమ్మగారి అల్మారాలోని గాజు సామాను: కట్ గ్లాసా, అచ్చు గ్లాసా, వాడుకోవచ్చా?

రాజమహేంద్రవరంలోని మీ అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుండగా చెక్క అల్మారాలో బిరడా బిగుసుకుపోయిన డికాంటరు (పానీయాలు పోసి వడ్డించే గాజు సీసా) ఒకటి, కాడ ఉన్న చిన్న గ్లాసులు ఆరు, మీ మేనమామగారు 1980లలో కువైట్ నుంచి తెచ్చిన బరువైన గిన్నె ఒకటి దొరికాయని రాశారు. అవి నిజమైన కట్ గ్లాసేనా, తాతగారు కలకత్తాలో ఉద్యోగం చేశారు కాబట్టి డికాంటరు ఆస్లర్ అనే ఇంగ్లండ్ గాజు కంపెనీ సరుకేనని ఇంట్లో చెప్పుకునే మాట నమ్మదగినదేనా, దాని లోపలి తెల్లని మసక పోతుందా, పండుగలకు వచ్చే చుట్టాలకు వీటిలో పానకమో పండ్లరసమో ఇవ్వవచ్చా అని అడిగారు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళుగా పాత గాజు సామాను కొనడం, బాగుచేయడం, అమ్మడం నా వృత్తి. మీరు చెప్పిన గుర్తులను బట్టి నాకు తోచినది వివరంగా రాస్తున్నాను. ముందుగా ఒక్క మనవి: ఈ సమాధానం పూర్తిగా చదివేవరకు ఏ వస్తువునూ తోమవద్దు, వేడినీళ్ళలో పెట్టవద్దు, బిరడాను బలవంతంగా తిప్పవద్దు. వందేళ్ళు చెక్కుచెదరకుండా నిలిచిన వస్తువు శుభ్రం చేసే రోజున పగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కట్ గ్లాస్, క్రిస్టల్ అనే మాటలను మన దుకాణాలలో ఒకే అర్థంలో వాడతారు. నిజానికి మొదటిది పనితనం పేరు, రెండవది పదార్థం పేరు. తిరిగే చక్రానికి ఆనించి సానబట్టి గాట్లు తీసిన గాజు ఏదైనా కట్ గ్లాసే, అది మామూలు గాజైనా సరే. క్రిస్టల్ అంటే సీసం ఆక్సైడో, దానికి బదులుగా బేరియం, జింకు వంటి ఇతర ఆక్సైడ్లో తగిన పాళ్ళలో కలిపి కరిగించిన గాజు. దాని మీద ఒక్క గాటు లేకపోయినా అది క్రిస్టలే. మన స్ఫటికం ఈ రెండింటిలోనూ చేరదు. అది భూమిలో సహజంగా ఏర్పడే రాయి. పాతబస్తీ వ్యాపారులు మంచి కట్ గ్లాసును ‘బిలౌరీ’ అంటారు. ఉర్దూలో బిలౌర్ అంటే స్ఫటికమే కాబట్టి ఆ మాట విని, దీన్ని రాతితో తొలిచి చేశారని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. స్ఫటికంలా కనిపించే గాజు చేయాలన్న తపన మాత్రం చాలా పాతది. లండన్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో అటువంటి గాజుకు పేటెంటు పొందాడు. అతడు మొదట చేసిన పాత్రలు కొంతకాలానికే సన్నని నెరెలు విచ్చి మసకబారిపోయేవి. ముడిసరుకులో సీసం ఆక్సైడ్ కలపడంతో ఆ దోషం తగ్గింది. ఆంగ్లేయుల సీసపు గాజు అక్కడి నుంచే మొదలైంది.

సీసం కలపడం వల్ల గాజుకు నాలుగు గుణాలు వస్తాయి. అది మెత్తబడి చక్రానికి సులభంగా లొంగుతుంది, బరువెక్కుతుంది, మీటితే ఎక్కువసేపు మోగుతుంది, అన్నింటికంటే ముఖ్యంగా కాంతిని ఎక్కువగా వంచి రంగులుగా విడదీస్తుంది. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, అంటే వక్రీభవన గుణకం, మామూలు కిటికీ గాజుకు సుమారు 1.52 అయితే 24 శాతం సీసం ఆక్సైడ్ ఉన్న గాజుకు అది 1.545 వరకు ఉంటుంది. అంకెల్లో చూస్తే తేడా చిన్నదిగానే ఉన్నా, లోతైన గాటు వాలు మీద పడిన దీపపు వెలుగు లోలోపలే రెండు మూడు మలుపులు తిరిగి బయటికి వచ్చేసరికి ఆ చిన్న తేడాయే మెరుపుగా కంటికి తెలుస్తుంది. ఐరోపా దేశాలు 1969లో చేసిన నిబంధన ప్రకారం సీసం ఆక్సైడ్ కనీసం 30 శాతం ఉంటే ‘ఫుల్ లెడ్ క్రిస్టల్’ అని, 24 శాతం ఉంటే ‘లెడ్ క్రిస్టల్’ అని రాయాలి. సాంద్రత, అంటే అంతే పరిమాణం నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, మొదటిదానికి 3.00 కంటే, రెండవదానికి 2.90 కంటే తగ్గకూడదు. ఈ సాంద్రత సంగతి గుర్తుంచుకోండి, మీ గిన్నె దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు మీ గ్లాసుల విషయం. కాడ పొడవునా రెండు పక్కలా వెంట్రుకంత సన్నని గీత నిలువుగా దిగుతోందని, అది గిన్నెభాగం మీదికి కూడా పాకి, పూలపని దగ్గర కనబడకుండా పోతోందని రాశారు. ఆ గీత అచ్చు రెండు చెక్కలు కలిసిన అతుకు. కరిగిన గాజును లోహపు అచ్చులో పోసి పైనుంచి ముద్దరపెట్టి నొక్కే యంత్రాలు 1820లలో అమెరికాలో మొదలై, కొద్ది దశాబ్దాలలోనే ప్రపంచమంతటా వ్యాపించాయి. కట్ గ్లాసు నమూనాలను అచ్చుగుద్దినట్టు అనుకరించి, సామాన్య గృహస్థులకు అందుబాటులోకి తెచ్చినవి అవే. కాబట్టి మీ ఆరు గ్లాసులూ అచ్చు గ్లాసులే. వాటిని తక్కువగా చూడనవసరం లేదు. అతుకు గీత అంత సన్నగా ఉందంటే మంచి అచ్చులోనే పోశారు.

అతుకు గీత కనబడకపోయినంత మాత్రాన అది కట్ గ్లాసని చెప్పలేము. అచ్చులోంచి తీసిన వస్తువును మళ్ళీ మంటలో చూపి గీతను కరిగించేవారు. ఇంకొందరు అచ్చులోనే గాట్లు ముక్కాలువంతు తెచ్చి, అంచులను మాత్రమే చక్రం మీద పదును పెట్టేవారు. అందుకే మిగిలిన రెండు వస్తువులను వేలితో, కంటితో పరీక్షించాలి. ఎలా పరీక్షించాలో తెలియాలంటే చక్రం దగ్గర పని ఎలా జరుగుతుందో కొంత తెలిసి ఉండాలి.

ఊదిన గాజు చల్లారాక నమూనా మొత్తం గీయరు, ఎక్కడ ఏ గాటు మొదలై ఎక్కడ ముగియాలో తెలిపే నిలువు, అడ్డు గీతలు మాత్రమే ఎర్ర రంగుతో గీస్తారు. పనివాడు గాజును ఎత్తి చక్రం నెత్తి మీద ఆనిస్తాడు. గాటు పడేది కింద, బయటి పక్కన. అతడు చూసేది పైనుంచి, గాజు లోపలి నుంచి. అంటే తాను తీస్తున్న గాటును గాజు మందం గుండా చూస్తూ, చేతి ఒత్తిడి మీద ఆధారపడి లోతును నిర్ణయించుకుంటాడు. పాత పద్ధతిలో మొదటిది ఇనుప చక్రం, దాని మీద తడి ఇసుక ధారగా పడుతూ ఉంటుంది. ఇది గరుకు గాటు. రెండవది ఇసుకరాతి చక్రం, దీనికి నీళ్ళు చాలు. గరుకు తగ్గి గాటు నునుపుగా, బూడిదరంగులో కనిపిస్తుంది. ఆ తర్వాత చెక్క చక్రం మీద మెత్తని రాతిపొడి, చివరగా తగరం, సీసం కలిసిన తెల్లని పొడితో మెరుగు. ఆ చివరి పొడి పీల్చి ఎందరో పనివారు సీసపు విషానికి బలయ్యారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి చేతి మెరుగుకు బదులు హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచి తీయడం మొదలైంది. ఇప్పుడు ఇనుము, ఇసుకరాయి స్థానంలో వజ్రపు పొడి అద్దిన చక్రాలు వచ్చాయి.

మీ డికాంటరును పగటివేళ కిటికీ దగ్గర మెత్తని తువ్వాలు మీద పడుకోబెట్టి, ఒక పెద్ద గాటు వెంట వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పి, భూతద్దంతో చూడండి. చెక్క చక్రం మీద మెరుగు పట్టినదైతే గాటు పొడవునా అతి సన్నని సమాంతర గీతలు పట్టుదారపు పోగుల్లా కనిపిస్తాయి. ఆమ్లంలో ముంచినదైతే ఆ గీతలు ఉండవు, ఉపరితలం కాస్త జిడ్డుగా, నీటితడి ఆరనట్టుగా ఉంటుంది. రెండు గాటులు కలిసే గట్టు మీద చూపుడువేలు నెమ్మదిగా జరపండి. చేతిపని గట్టు కత్తి అంచులా తగులుతుంది, అచ్చు గట్టు సబ్బుబిళ్ళ అంచులా గుండ్రంగా జారిపోతుంది. తర్వాత అడుగున ఉన్న నక్షత్రం చూడండి. నాకు అన్నింటికంటే నమ్మకమైన చోటు అదే. పదహారో ఇరవైనాలుగో గాట్లు ఒకే బిందువు వద్ద కలవాలని పనివాడు ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి రెండు గాట్లు కేంద్రాన్ని ఆవగింజంత దాటుతాయి, ఒకటి అందుకోలేక ఆగిపోతుంది. అచ్చులో అన్నీ ఒక్కలాగే ఉంటాయి. చివరగా గిన్నె లోపలికి చేయి పెట్టి తడమండి. కట్ గ్లాసు లోపలి గోడ పూర్తిగా నునుపు. బయటి నమూనాకు తగ్గట్టు లోపల ఎత్తుపల్లాలు తగిలితే అది అచ్చులో ఊదిన గాజు.

మీరు పంపిన వివరణలో డికాంటరు నక్షత్రపు గాట్లు ‘సరిగా మధ్యలో కలవలేదు, ఇది లోపమా’ అని అడిగారు. లోపం కాదు, అది చేతి గుర్తు. భుజాల మీది గట్లు వేలికి గుచ్చుకుంటున్నాయని కూడా రాశారు కాబట్టి డికాంటరు కట్ గ్లాసని నేను నమ్ముతున్నాను.

గిన్నె క్రిస్టలో కాదో తేల్చడానికి మోగించి చూడడం అందరూ చెప్పే పద్ధతి. మందపాటి గిన్నె అసలు మోగకపోవచ్చు, పలుచని మామూలు గాజు కూడా చక్కగా మోగవచ్చు, పైగా కనబడని బీట ఉంటే మీటినప్పుడు అది పెరిగే ప్రమాదం ఉంది. అందుకని తూకం పద్ధతి చెబుతాను. వంటింటి డిజిటల్ తూకంలో గిన్నె పొడిగా ఉన్నప్పుడు బరువు చూసి రాసుకోండి. తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్‌లో తగినన్ని నీళ్ళు పోసి తూకం మీద పెట్టి అంకెను సున్నా చేయండి. గిన్నెను గట్టి సన్నదారంతో కట్టి, అంచులకూ అడుగుకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి పట్టుకోండి. ఇప్పుడు తూకం చూపే గ్రాములే గిన్నె ఆక్రమించిన నీటి పరిమాణం. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు నా దగ్గరి ఒక చిన్న గిన్నె పొడి బరువు 612 గ్రాములు, నీటిలో వేలాడదీసినప్పుడు తూకం 208 చూపింది. 612ను 208తో భాగిస్తే 2.94, అంటే సీసపు క్రిస్టలే. అదే మామూలు గాజైతే తూకం 245 దగ్గర చూపి, సాంద్రత 2.5 దగ్గర ఆగేది. గాట్ల మధ్య గాలిబుడగలు చిక్కుకుంటే లెక్క తక్కువగా వస్తుంది. ముంచేముందే తడివేలితో గాట్లన్నీ తడిపి, ముంచాక మెల్లగా ఒకసారి తిప్పితే బుడగలు పోతాయి. పెద్ద గిన్నె అయితే బకెట్, నీళ్ళ బరువు తూకం సామర్థ్యాన్ని దాటకుండా చూసుకోవాలి. ఈ పద్ధతికి గిన్నెకు ఏ హానీ లేదు, డబ్బు ఖర్చూ లేదు. దుకాణదారు మాట మీద ఆధారపడే అవసరం తప్పుతుంది.

గిన్నె అడుగున సగం చిరిగిన కాగితపు చీటీ మీద చెకొస్లొవాకియా పేరు కనిపిస్తోందన్నారు. ఆ చీటీని ఎట్టి పరిస్థితిలోనూ పీకవద్దు. 1993 జనవరి 1న ఆ దేశం రెండుగా విడిపోయింది కాబట్టి ఆ పేరుతో ఉన్న చీటీ అంతకుముందుదే. మీ మేనమామగారు చెప్పిన కాలానికి ఇది సరిపోతుంది. ఆ దేశంలో భాగమైన బొహీమియా ప్రాంతంలో గాజు చెక్కడం నాలుగు వందల ఏళ్ళ నాటి విద్య. ప్రేగ్‌లో రుడాల్ఫ్ చక్రవర్తి 1609లో కాస్పర్ లేమన్ అనే శిల్పికి గాజు చెక్కే ప్రత్యేక హక్కు ఇచ్చాడు. అప్పటి బొహీమియా గాజులో సీసం లేదు, కట్టె బూడిద నుంచి తీసిన పొటాష్ ఉండేది. అది గట్టి గాజు కావడం వల్ల సన్నని చక్రంతో బొమ్మలు చెక్కడానికి అనువుగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో ఎగుమతి కోసం చేసిన లోతైన గాట్ల గిన్నెలు మాత్రం సాధారణంగా 24 శాతం సీసపువి. గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్ళు ఇళ్ళకు తెచ్చిన గిన్నెలు, పూలకుండీలలో ఎక్కువభాగం ఈ కోవవే. పిల్లల పెళ్ళిళ్ళకని దాచి, ఒక్కసారి కూడా బయటికి తీయకుండా షోకేసులోనే ఉంచిన వాటిని ఎన్నో ఇళ్ళలో చూశాను.

ఇక ఆస్లర్ మాట. ఎఫ్ అండ్ సీ ఆస్లర్ 1807లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన సంస్థ. 1851లో లండన్ మహా ప్రదర్శనశాల నడిమధ్యన 27 అడుగుల ఎత్తున, నాలుగు టన్నుల గాజుతో వారు నిలబెట్టిన ఫౌంటెన్ ఆ ప్రదర్శనకే గుర్తుగా నిలిచింది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1840లలో, వారు కలకత్తాలో దుకాణం తెరిచారు. మన దేశపు రాజులూ నవాబుల కోసం షాండ్లియర్లే కాక గాజు కుర్చీలు, బల్లలు కూడా చేసి పంపారు. మన హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో వేలాడే పెద్ద షాండ్లియర్లు వారివే. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ దర్బారు హాలులో ఉన్న 19 షాండ్లియర్లు మాత్రం బెల్జియం గాజు. రెండింటినీ కలిపి ఆస్లర్ అని చెప్పడం సరికాదు.

అయితే తాతగారు కలకత్తాలో ఉన్నారన్న ఒక్క ఆధారంతో డికాంటరుకు ఆ పేరు పెట్టలేము. బర్మింగ్‌హామ్, స్టౌర్‌బ్రిడ్జ్ ప్రాంతాలలో పదుల సంఖ్యలో కార్ఖానాలు ఒకే రకం నమూనాలు చేసేవి. చాలావరకు ఏ గుర్తూ వేసేవి కావు. పేరు తేలాలంటే ఆ సంస్థ గుర్తో, కొన్నప్పటి రసీదో ఉండాలి. గుర్తు వెతకడానికి ఒక మార్గం ఉంది: అడుగుభాగం మీద నోటి ఆవిరి ఊది, ఏటవాలు వెలుగులో చూడండి. ఆమ్లంతో వేసిన గుర్తులు ఆ క్షణంలోనే కనబడి మాయమవుతాయి. ఫ్రాన్స్‌లోని బకరా 1936 నుంచి అటువంటి గుర్తు వేస్తోంది, ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ ఆధునిక సామాను మీద కూడా ఆ పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. ఏమీ కనబడకపోతే ‘బ్రిటిష్ తరహా కట్ గ్లాస్ డికాంటరు’ అని రాసుకోవడమే నిజాయితీ. కాలం గురించి మాత్రం బరువు కొంత చెబుతుంది. బ్రిటన్‌లో 1745 నుంచి గాజు మీద బరువును బట్టి పన్ను ఉండేది, 1845లో దాన్ని ఎత్తివేశారు. పన్ను ఉన్నంతకాలం అక్కడి కార్ఖానాలు సీసాన్ని పొదుపుగా వాడి పలుచని గాజు చేయడానికి మొగ్గుచూపాయి. ఐర్లండ్‌కు 1780లో స్వేచ్ఛావాణిజ్యం దక్కి, అక్కడ 1825 వరకు ఆ పన్ను లేకపోవడం వల్లనే వాటర్‌ఫర్డ్‌లో పెన్‌రోజ్ కుటుంబం 1783లో పెట్టిన కార్ఖానా వంటివి బరువైన గాజు మీద లోతైన గాట్లు తీసి పేరు తెచ్చుకున్నాయి. పన్ను పోయాక ఇంగ్లండ్‌లో కూడా గాజు బరువెక్కింది, గాట్లు లోతెక్కాయి. మీ డికాంటరు ‘ఇటుకంత బరువు’ అన్నారు గనుక అది 1845 తర్వాతిదని అనుకోవడానికే నేను మొగ్గుతాను. హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు గది ముందు కాసేపు నిలబడండి. ఇంగ్లండ్, ఐర్లండ్, బొహీమియా, ఫ్రాన్స్ గాజు పక్కపక్కనే ఉంటుంది, కంటికి అంతకంటే మంచి శిక్షణ మన ప్రాంతంలో మరెక్కడా దొరకదు.

వాడకం గురించి నేను మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఉంది. సీసపు గాజులో పులుపు ఉన్న ద్రవం నిలవ ఉంటే సీసం అందులోకి దిగుతుంది. 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో గ్రాజియానో, బ్లమ్ అనే పరిశోధకులు ప్రకటించిన ఫలితాల ప్రకారం, లీటరుకు 89 మైక్రోగ్రాముల సీసం ఉన్న పోర్ట్ వైన్‌ను నాలుగు నెలలు క్రిస్టల్ డికాంటర్లలో ఉంచితే, 24 శాతం సీసపు గాజులో అది 2162కు, 32 శాతం గాజులో ఒకదానిలో 5331కి చేరింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములని గుర్తుచేసుకుంటే ఈ అంకెల అర్థం తెలుస్తుంది. గ్లాసులో పోసిన కొద్ది నిమిషాలలోనే స్వల్పంగా సీసం దిగడం మొదలవుతుందని కూడా వారు చూపారు. మన ఇళ్ళలో వైన్ లేకపోవచ్చు, కానీ నిమ్మకాయ పిండిన పానకం, మజ్జిగ, మామిడిరసం, చింతపండు పులుపు ఉన్న ఏ పదార్థమైనా ఇదే పని చేస్తుంది. డికాంటరులో ముందురోజు రాత్రే పానకం కలిపి ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన మానుకోండి. వడ్డించే ముందు పోసి, బల్ల మీద అందంగా పెట్టి, గంటలోపు ఖాళీ చేసి కడిగేయడం పెద్దలకు, ఏడాదికి రెండు మూడుసార్లకు, నా దృష్టిలో ఆమోదయోగ్యం. చిన్నపిల్లలకు, గర్భిణులకు మాత్రం సీసపు గాజులో ఏదీ ఇవ్వవద్దు. పచ్చళ్ళు, పెరుగు ఆ గిన్నెలో ఎప్పుడూ వేయవద్దు. లడ్డూలు, జీడిపప్పు, తమలపాకులు, పూలు పెట్టడానికి గిన్నె నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పొడి వస్తువులలోకి సీసం దిగే అవకాశం అతి తక్కువ. అచ్చు గ్లాసులు ఆరింటికి అదే తూకం పరీక్ష చేసి 2.5 దగ్గర వస్తే వాటిలో పానకం ధైర్యంగా ఇవ్వండి. రోజువారీ వాడకానికి కొత్తగా కొనదలిస్తే సీసం లేని క్రిస్టల్ అని స్పష్టంగా రాసి ఉన్నవి కొనండి.

వేడి గురించి కూడా చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన రెండో ఏట, డిసెంబరు చలిలో, రాత్రంతా బల్ల మీద ఉన్న ఒక లోతైన గాట్ల గిన్నెలో జిడ్డు వదలాలని గీజరు నీళ్ళు పట్టాను. చిటుక్కుమని చిన్న శబ్దం, అంతే. అడుగు నక్షత్రం నుంచి అంచు దాకా బీట పాకింది. అది ఒక కుటుంబంలో మూడు తరాలుగా ఉన్న గిన్నె, వారు నా మీద నమ్మకంతో ఇచ్చినది. డబ్బు చెల్లించాను గాని ఆ వస్తువును తిరిగి ఇవ్వలేకపోయాను. గాటు అడుగున గాజు పలుచగా, గట్టు దగ్గర మందంగా ఉంటుంది; వేడి తగిలినప్పుడు రెండూ ఒకే వేగంతో వ్యాకోచించవు, కాబట్టి గాటు మొదట్లోనే బీట పుడుతుంది. అందుకే వేడి పాయసం, ఫ్రీజరు, డిష్‌వాషరు ఈ మూడూ దీనికి నిషిద్ధం. సింకు అడుగున తువ్వాలు పరిచి, చేతికి గోరువెచ్చగా తోచే నీళ్ళతో, రెండు చుక్కల ద్రవ సబ్బుతో ఒక్కొక్కటిగా కడగాలి. ఉంగరాలు, గాజులు తీసి పని మొదలుపెట్టండి. గిన్నెలు తోమే పొడి, బూడిద, కొబ్బరిపీచు, స్టీలు పీచు దగ్గరికి రానీయవద్దు. గాట్లలో మురికికి మెత్తని పళ్ళబ్రష్ చాలు.

బిరడా ఇరుక్కున్న డికాంటరు విషయంలో ఓపికే ముఖ్యం. బిరడాకూ మెడకూ మధ్య సందులో గ్లిసరిన్ గాని కుట్టుమిషన్ నూనె గాని మూడు చుక్కలు వేసి ఒక రోజు వదిలేయండి. మరునాడు గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన గుడ్డను మెడ చుట్టూ మాత్రమే చుట్టి, రెండు నిమిషాలయ్యాక చెక్క గరిటె కాడతో బిరడాను ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, పైకి లేపే దిశలో అతి నెమ్మదిగా తట్టండి. రాకపోతే మళ్ళీ నూనె వేసి మరొక రోజు ఆగండి. నేను ఒక డికాంటరు మీద పదకొండు రోజులు ఇలా పనిచేశాను. మెలితిప్పితే బిరడా చేతిలోకి వస్తుంది, కాని మెడతో సహా వస్తుంది.

లోపలి తెల్లని మసకలో రెండు రకాలున్నాయి. ఒకటి గోదావరి జిల్లాల బోరు నీళ్ళలోని సున్నం ఆరి పేరుకున్న పొర, ఇది పోతుంది. తెల్ల వెనిగరులో సమానంగా నీళ్ళు కలిపి మసక ఉన్న మేరకు పోసి, మూడు నాలుగు గంటలు ఉంచి, గుప్పెడు పచ్చి బియ్యం వేసి మెల్లగా గుండ్రంగా ఆడించి, పారబోసి, నాలుగైదుసార్లు కడగండి. వెనిగరు కూడా పులుపే కాబట్టి రాత్రంతా ఉంచకూడదు, ఆ నీళ్ళూ బియ్యమూ దేనికీ వాడకూడదు. రెండవ రకం మసక గాజు ఉపరితలమే చెడిపోయినది. అడుగున తడి ఉండగానే బిరడా పెట్టి ఏళ్ళ తరబడి మూసి ఉంచితే ఆ తేమ గాజును కొరుకుతుంది. వెనిగరు రెండుసార్లు వాడాక కూడా ఏ మార్పూ లేకపోతే అది ఈ రకమే. లోపలివైపు యంత్రంతో మెరుగు పట్టేవారు ఉన్నారు గాని, ఆ పనిలో గాజు పలుచబడుతుంది, పగిలే అవకాశమూ ఉంది. మీ వస్తువు అమ్మకానికి కాదన్నారు కాబట్టి అలాగే ఉంచమంటాను. ఏది ఎలా తేలినా, కడిగాక రెండు రోజులు తలకిందులుగా గాలికి ఆరబెట్టి, మూసేటప్పుడు బిరడాకు ఒక పలుచని కాగితం చుట్టి వదులుగా పెట్టండి.

గిన్నె అంచున చీమ తలకాయంత పెచ్చులు రెండు ఊడాయని, సానబట్టించమని ఒక దుకాణంలో సలహా ఇచ్చారని రాశారు. వద్దు. పెచ్చు పోవాలంటే అంచు మొత్తం ఆ లోతు వరకు అరగదీయాలి, అంచు మీది పళ్ళవరుస నమూనా దెబ్బతింటుంది. వేలికి గుచ్చుకునేంత పదును ఉంటే ఆ చోటు మాత్రమే నునుపు చేయించుకోండి.

విలువ గురించి ఇప్పుడే అంకె చెప్పడం సమంజసం కాదు. కువైట్ గిన్నె వంటివి లక్షలలో తయారయ్యాయి, కాబట్టి దాని ధర నిరాడంబరంగానే ఉంటుంది. డికాంటరు విలువ మాత్రం బిరడా దానిదేనా కాదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. పాత కార్ఖానాలలో ప్రతి బిరడానూ ఒక్కొక్క మెడకు విడిగా సానబట్టి సరిపెట్టేవారు. తారుమారు కాకుండా బిరడా కాడ మీద, సీసా మెడ అంచున లేదా లోపల ఒకే అంకెను చిన్నగా గీసేవారు. బిరడా ఊడివచ్చాక రెండుచోట్లా భూతద్దంతో చూసి, అంకె ఉంటే అదేమిటో, రెండుచోట్లా ఒకటేనా కాదా, దానితోపాటు డికాంటరు తూకంలో తేలిన సాంద్రత ఎంతో రాయండి. అప్పుడు మిగిలినది చెబుతాను.